ప్లాస్టిక్ పీతకు గంధం బొట్లు

బడి ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్ర మాస్టార్లు, టీచరమ్మలు అప్పుడప్పుడు బరంపురం అంకులిలో మా ఇంటికి వస్తుంటారు. "మా బళ్ళో సామాన్లు లేవు మాస్టారూ, సైన్సు ఏం చెప్పమంటారు?" అని వాపోతారు. నేను సలహాలివ్వను. సలహాలిచ్చే రిటైర్డు మాస్టారు ఎదురొస్తే జనం రోడ్డు దాటి అవతలి పక్కకి పోతారని నాకు తెలుసు. అందుకని టీ పోయించి ఒక పీత కథ చెబుతాను. మీకూ అదే చెబుతున్నాను.

ఉద్యోగంలో చివరి భాగమంతా నేను రంభలో ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు మాస్టారుగా చేశాను. పొద్దున్నే బరంపురంలో రైలెక్కడం, సాయంత్రం మళ్ళీ రైల్లో వచ్చి దిగడం. పాఠం ఒడియాలో చెప్పేవాణ్ణి, మనసులో లెక్కలు తెలుగులో వేసుకునేవాణ్ణి, కోపం వస్తే రెండు భాషల్నీ వాడుకునేవాణ్ణి. పిల్లల్లో చాలామంది చిలికా సరస్సు మీద చేపలు పట్టే ఇళ్ళ నుంచి వచ్చేవారు. తరాజు సూత్రం నేను బోర్డు మీద గీస్తుంటే, చేపలు తూచే చోట తరాజు ఎలా మోసం చేస్తుందో వాళ్ళు నాకు చెప్పేవారు.

ఒక ఏడు మా బడికి ఒక ప్రయోగశాల మంజూరైంది. పిల్లలు చేతులతో యంత్రాలు చేసి నేర్చుకోవాలట. గది ఇచ్చారు, బల్ల ఇచ్చారు, దానికి పట్టుకారు బిగించారు, టంకం పెట్టే కడ్డీ ఇచ్చారు. రోబోల పెట్టెలు వెనకాల వస్తాయన్నారు. ఆ వెనకాల అన్నది ఎంత వెనకో ఎవరికీ తెలీదు. పెట్టెలకి బదులు ఒక మనిషి వచ్చింది.

ఆమెది బరంపురంలో పాతకాలం నుంచి ఉన్న తెలుగు వర్తకుల కుటుంబం. తండ్రికి కిరాణా హోల్‌సేలు కొట్టు. చిన్నప్పుడు ఆ కొట్లో కాటాని విప్పి పారేసి, తిరిగి బిగించి, ముందుకన్నా సరిగ్గా తూగేలా చేసిందట. కాటా అంత సరిగ్గా తూగడం తండ్రికి ఏమంత సంతోషం కలిగించలేదని ఆమే నవ్వుతూ చెప్పింది. మెకానికల్ డిప్లొమా చేసి, గల్లాపెట్టె దగ్గర కూర్చోమంటే కూర్చోకుండా, కాంట్రాక్టు మీద మా బడికి వచ్చింది. ఒక్క ఏడాదికే నియామకం. ఏడాది తిరిగేసరికి కమిటీ వచ్చి చూస్తుంది. నచ్చితే ప్రయోగశాల ఉంటుంది, ఆమె ఉంటుంది. నచ్చకపోతే ఆ గదిలో మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు ఉంటాయి, ఆమె గల్లాపెట్టె దగ్గర ఉంటుంది.

పిల్లలు ఆమెని దిదీ, అంటే అక్కా, అని పిలిచేవారు. ఆమె గదిలో ఒక పద్ధతి పెట్టింది. ఏదైనా విరిగితే ఆ ముక్కని పారెయ్యకూడదు. దారం కట్టి కిటికీకి వేలాడదీయాలి, ఎందుకు విరిగిందో అందరికీ చెప్పాలి. కొన్నాళ్ళకి ఆ కిటికీకి మామిడాకుల తోరణంలా విరిగిన ముక్కల తోరణం తయారైంది. నా సర్వీసు మొత్తంలో, తప్పు చేసిన పిల్ల తల ఎత్తుకుని మాట్లాడే గదిని అదొక్కదాన్నే చూశాను.

మా హెడ్మాస్టరు ఒడియా ఆయన, మంచివాడే, కానీ పై అధికారి పేరు వింటే చెమటలు పట్టే రకం. కమిటీ వస్తోందని తెలియగానే పరుగున వచ్చాడు. "బరంపురంలో ఫలానా బడిలో రోబో చెయ్యి ఎత్తి నమస్కారం పెడుతుందట. మనకీ ఒక రోబో కావాలి" అన్నాడు. ఆ నమస్కారం రోబో కంపెనీ నుంచి తయారై వచ్చినది. ఆ డబ్బు మా బడికి లేదు.

ఆమె ఫోనులో వెతికి ఒక చవక పెట్టె తెప్పించింది. పెట్టె నిండా ప్లాస్టిక్ పుల్లలు, ముక్కోణాలు, మేకులు. బిగిస్తే బోలెడన్ని కాళ్ళున్న ఒక జంతువు తయారవుతుంది. పక్కన చిన్న గాలిమర. గాలికి మర తిరిగితే, నడుమనున్న వంకరటింకర ఇరుసు తిరుగుతుంది, ఇరుసు తిరిగితే ఆ జంతువు కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి వేస్తుంది. పిల్లలు బిగించి వరండాలో పెట్టారు. చిలికా మీద నుంచి గాలి వీచింది. అది కదిలింది.

నేను ముప్పై ఏళ్ళుగా మీటల గురించి పాఠం చెప్పినవాణ్ణి. ఆ రోజు ఆ ప్లాస్టిక్ పుల్లలు ప్రాణమున్న వాటిలా అడుగులేస్తుంటే నోరు తెరుచుకుని చూశాను. పిల్లలు "కంకడా! కంకడా!" అని అరిచారు. ఒడియాలో కంకడా అంటే పీత. ఆ పేరే స్థిరపడింది.

హెడ్మాస్టరు మాత్రం గడ్డం గోక్కున్నాడు. "కమిటీ హాల్లో కూర్చుంటుంది. హాల్లో గాలి ఎక్కడిది? పైగా దీన్ని బొమ్మ అంటారు గానీ రోబో అనరు."

ఆయన వెళ్ళాక ఆమె నా వైపు తిరిగి, "మాస్టారూ, ఆయన సెప్పింది నిజమే కదా. గాలిమర పీకీసి మోటారు పెడితే ఏటవుద్ది?" అంది.

"ఏటవుద్ది? పీత కాళ్ళు విరుగుతాయి" అన్నాను. ఉత్సాహం మీద నీళ్ళు చల్లడంలో నాకు మంచి పేరుండేది.

"విరిగితే కిటికీకి కడదాం" అంది.

విరిగాయి కూడా. మొదట పాత బొమ్మకారులోంచి తీసిన మోటారు పెట్టారు. దాని వేగానికి పీత పూనకం వచ్చినట్టు ఊగి, ఇరుసు ఫటుక్కున విరిగింది. స్విచ్చి వేసిన పిల్ల బిక్కమొహం వేసింది. ఆమె ఆ ముక్కని ఆ పిల్ల చేతే కిటికీకి కట్టించి, "మోటారుకి బలం ఉంది, ఓపిక నేదు. ఓపికున్న మోటారు తెద్దాం" అంది. తర్వాత పళ్ళచక్రాలతో నిదానంగా తిరిగే చిన్న మోటారు వచ్చింది. ప్లాస్టిక్ ఇరుసుకి బదులు సైకిలు చక్రం ఊచని పట్టుకారులో పెట్టి వంచారు. ఎన్ని ఊచలు పాడయ్యాయో ఆ కిటికీకే తెలియాలి. మోటారు కొస, ఇరుసు కొస ఒక వరసలో కలిసేవి కావు. ఆమె మోపెడ్ పెట్రోలు పైపు ముక్క రెంటికీ తొడిగింది. రబ్బరు వంగుతుంది కాబట్టి తగాదా తీరిపోయింది. నున్నటి గచ్చు మీద కాళ్ళు జారుతుంటే పాత హవాయి చెప్పుల్ని కోసి పాదాలకి అంటించారు.

అప్పుడు కూడా పీత ఒక పక్కకి ఒరిగి కుంటింది.

"సూడండి మాస్టారూ, ఎందుకు కుంటుతోందో సెప్పండి" అని నన్ను పిలిచింది. నిజానికి ఆమెకి తెలుసని నాకు అనుమానం. అయినా నేను పెద్దమనిషి తరహాలో చుట్టూ తిరిగి చూసి, "మోటారు బరువంతా ఒకే పక్క ఉంది. బ్యాటరీని అవతలి పక్కకి మార్చండి" అన్నాను. మార్చారు, పీత నిటారుగా నిలబడింది. పిల్లలు నాకు చప్పట్లు కొట్టారు. ఆ పీతలో నా వాటా అంతే. కానీ ఆ సాయంత్రం రైల్లో పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని ఆయనకి కూడా ఆ సంగతి చెప్పాను.

ఆ రోజు నుంచి నా ఖాళీ పీరియడ్లన్నీ ఆ గదిలోనే గడిచాయి. ఒక్కో కాలూ విప్పడం, బిగించడం నాకూ అలవాటైంది. బడి ఊడ్చే ఆయమ్మ కూడా చీపురు పక్కన పెట్టి వచ్చి కూర్చునేది. ఆమెది ఇచ్ఛాపురం పక్క పల్లె, రోజుకూలీ మీద పని. "ఇన్ని కాల్లున్నా ఒక్క తగువు నేదు, మా ఇంట్లో ఇద్దరం ఉన్నాం, రోజూ తగువే" అనేది.

చివరగా దానికి ఒక చిన్న సర్క్యూటు పెట్టారు. చప్పట్లు కొడితే నడుస్తుంది, మళ్ళీ కొడితే ఆగుతుంది. "ఇప్పుడు రోబో అయిందా సార్?" అని ఆమె హెడ్మాస్టరుని అడిగింది. ఆయన తనే ఒకసారి చప్పట్లు కొట్టి, పీత కదలగానే చిన్నపిల్లాడిలా నవ్వేశాడు.

కమిటీ వచ్చేది విశ్వకర్మ పూజ మర్నాడు. మా గంజాం ప్రాంతంలో ఆ పూజ సంగతి మీకు తెలుసు. గ్యారేజీలు, ఆటో స్టాండ్లు, కుట్టుమిషన్ల కొట్లు, అన్నిచోట్లా పని బంద్. పనిముట్లన్నీ దేవుడి ముందు పెడతారు, ఆ రోజు వాటిని ముట్టుకోరు. విగ్రహం నిమజ్జనానికి కదిలాకే మళ్ళీ చేతిలోకి తీసుకుంటారు. మా ప్రయోగశాలలోనూ పూజ చేశాం. విశ్వకర్మ విగ్రహం ముందు పట్టుకారు, టంకం కడ్డీ, సుత్తి, మధ్యలో పీఠం మీద పీత. పూజ ఏర్పాట్లన్నీ ఆయమ్మ చేతి మీదుగా జరిగాయి. మేం దండం పెట్టుకుని, ప్రసాదం తిని, తలుపేసి వెళ్ళిపోయాం.

మర్నాడు విగ్రహం కదలడం ఆలస్యమైంది. అది కదిలి వెళ్ళి, మేం ప్రయోగశాలలోకి వచ్చేసరికి, అవతల హెడ్మాస్టరు గదిలో కమిటీ వాళ్ళు టీ తాగుతున్నారు. ఆమె చప్పట్లు కొట్టింది. మోటారు మూలిగింది. పెట్రోలు పైపు మెలిక పడింది. పీత కదల్లేదు.

దగ్గరికి వెళ్ళి చూశాం. ప్రతి కీలు మీదా ఒక బొట్టు. చిక్కటి గంధం, పసుపు, కొబ్బరినీళ్ళు కలిపి రంగరించి, ఒక్క కీలు కూడా వదలకుండా ఎంతో ఓపికగా పెట్టిన బొట్లు. అవి కీళ్ళలోకి దిగి, రాత్రంతా ఎండి, సిమెంటులా పట్టేశాయి.

ఆయమ్మ గుమ్మంలోనే కూలబడింది. "మనిసికి నొసట ఒక్క బొట్టు సాలు గానీ, ఇది అడుగేసేది కీల్లతోటే కదా తల్లీ, కీలుకీలుకీ దేముడి సల్లదనం తగలాలని ఎట్టినాను. నానేటి సేసీసినానమ్మా..." అని ఏడుపు.

అంతలో హెడ్మాస్టరు వచ్చాడు. సంగతి తెలిసి మొహం పాలిపోయింది. "ఎవరు పూశారిది?" అని అరిచాడు. తర్వాత గొంతు తగ్గించి దిదీతో అన్నాడు. "మొన్న ఫోనులో వీడియో తీశారుగా, అది చూపించండి. పీత బ్యాటరీ అయిపోయిందని చెబుదాం. మీ ఉద్యోగం సంగతి కూడా ఆలోచించుకోండి."

ఆయన చెప్పింది దుర్మార్గమేమీ కాదు. ఆమె మంచికోసమే చెప్పాడు. ఆమె స్థానంలో నేనుంటే ఆ వీడియోనే చూపించేవాణ్ణి. ఆమె మాత్రం బల్ల మీది సామాన్లన్నీ కింద పెట్టి, నేల మీద పాత చీర పరిచి, పిల్లల్ని చుట్టూ కూర్చోమంది. "ఒక్కొక్కలు ఒక్కో కాలు తీసుకోండి. విప్పండి, కడగండి, తుడవండి, బిగించండి" అంది. ఆయమ్మని చెయ్యి పట్టి లేపి, "ఆయమ్మా, నువ్వు గోరెచ్చటి నీల్లు తే. ఏడిస్తే ఆ నీల్లు పనికిరావు" అంది.

నాకూ ఒక కాలు ఇచ్చింది.

కమిటీ వాళ్ళు లోపలికొచ్చేసరికి మేమంతా నేల మీద, పసుపు చేతులతో, పీత కాళ్ళ మధ్య కూర్చుని ఉన్నాం. కమిటీ పెద్ద రిటైరైన ఇంజనీరు, కఠినమైన మనిషని ముందే విన్నాం. "ఇదేనా మీరు చూపిస్తానన్న రోబో?" అన్నాడు ఒడియాలో. హెడ్మాస్టరు ఏదో గొణిగాడు.

ఆమె లేచి నిలబడింది. "నిన్న మేం దీనికి పూజ చేశాం సార్. కీళ్ళకి గంధం పెట్టాం. ఎండిపోయి పట్టేసింది. పూజ రోజు పనిముట్టు ముట్టుకోకూడదు కాబట్టి చూసుకోలేదు. ఇప్పుడు బాగుచేస్తున్నాం. కూర్చుంటే మీరూ చూడొచ్చు."

ఒక్క మాటలోనైనా ఆయమ్మ ప్రసక్తి రాలేదు. మేం, మేం అనే చెప్పింది. నీళ్ళ గిన్నె పట్టుకుని మూల నిలబడ్డ ఆయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు కళ్ళు చెమర్చాయి. చేతులకి పసుపు ఉండడంతో తుడుచుకోలేకపోయాను.

పెద్దాయన కుర్చీ వేస్తే కూర్చోలేదు. జోళ్ళు విప్పి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా మా చీర మీదే కూర్చున్నాడు. తను పనిచేసిన మిల్లులో ఒక విశ్వకర్మ పూజకి మోటారుని చల్లబరిచే ఫ్యాను గూటిలో బంతిపూల దండ ఇరుక్కుని, మర్నాడు ఎంత పొగ వచ్చిందో చెప్పడం మొదలెట్టాడు. పిల్లలు నవ్వుతూనే కాళ్ళు తుడిచారు. ఆయన కూడా ఒకటి అందుకున్నాడు.

అన్ని కాళ్ళూ ఎక్కాయి. వేలితో ఇరుసు తిప్పి చూస్తే, వింతగా, ముందుకన్నా తేలిగ్గా తిరిగింది. "సూసినారా, దేముడు ఊరికే పోనిస్తాడేటి" అంది ఆయమ్మ, అప్పటికి గొంతు వచ్చి. "గంధంలో సానరాతి సన్నటి పొడి ఉంటుంది, విప్పేటప్పుడు రుద్దుకుని కీళ్ళు నున్నబడ్డాయి" అంది దిదీ. నేను ఇద్దరికీ తలూపాను.

ఒక పిల్ల చప్పట్లు కొట్టింది. పీత నడిచింది. గదంతా ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టింది. దాంతో అది ఆగింది, నడిచింది, ఆగింది, మళ్ళీ నడిచింది. "చప్పట్లు కొట్టకండి!" అని హెడ్మాస్టరు చేతులు జోడించి అందర్నీ బతిమాలాడు. అంత నవ్వు ఆ బళ్ళో నేనెప్పుడూ వినలేదు.

నవ్వులు సద్దుమణిగాక పెద్దాయన అడిగాడు. "దీన్ని విప్పి బిగించడం మీలో ఎంతమందికి వచ్చు?"

పిల్లలందరి చేతులూ లేచాయి. నా చెయ్యీ లేచింది. నా వెనక ఆయమ్మ చెయ్యి కూడా సగం లేచింది. "నాకు ఒక్క కాలే వచ్చు బాబూ" అంది తెలుగులో. నేను ఒడియాలోకి మార్చి చెప్పాను.

పెద్దాయన మొహంలో నవ్వు పోయింది. దిదీ వైపు తిరిగి, "బాగుందమ్మా. అందరికీ నేర్పేశావు. ఊడ్చే ఆవిడకి కూడా వచ్చు. అయితే వచ్చే ఏడు ఇంక నీతో పనేముంది?" అన్నాడు.

హెడ్మాస్టరు నా వైపు చూశాడు, నేను నేల వైపు చూశాను. పని బాగా నేర్పిన మనిషికి ఆ నేర్పడమే ఎసరు పెడుతోంది.

ఆ సమయంలో ఎవరూ ఆపని పీత తన మానాన తను నడుచుకుంటూ పోయి అవతలి గోడని తగులుకుంది. గోడని తన్నుకుంటూ అక్కడే అడుగులేస్తోంది. ఒక పిల్ల పరిగెత్తి, దాన్ని రెండు చేతులా ఎత్తి, మా వైపు తిప్పి మళ్ళీ నేల మీద పెట్టింది.

ఆమె అటే చూస్తూ చెప్పింది.

"చూశారుగా సార్. దానికి తిన్నగా పోవడం ఒక్కటే వచ్చింది. గోడ ఎదురైతే పక్కకి తిరగడం ఇంకా రాలేదు. ఆ పని మిగిలుంది."

పెద్దాయన ఆమెనీ, పీతనీ, మళ్ళీ ఆమెనీ చూశాడు. తర్వాత హెడ్మాస్టరు వైపు తిరిగి, "వచ్చే ఏడాదికి ఈ అమ్మాయికి ఇలాంటి పెట్టె ఇంకొకటి తెప్పించండి. పక్కకి తిరగాలంటే చెరో పక్కా ఒకటి చొప్పున రెండు మోటార్లు కావాలి" అన్నాడు.